ఇంకో పాట

ప్రకాష్ బాబు మదనపల్లె టమోటా మార్కెట్లో పోయాడు. శుక్రవారం తెల్లారేసరికి పుంగనూరు చుట్టుపక్కల తోటల్లోంచి క్రేట్లు ఎక్కించుకుని టెంపో తోలుకుంటూ వెళ్ళినవాడు, సరుకు దించి, టీ తాగుతూ, ఎదలో ఏదో పట్టేసినట్టుందని పక్కవాడితో అన్నాడట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. మిషన్ ఆసుపత్రికి చేర్చేటప్పటికే ప్రాణం లేదు. మధ్యాహ్నానికి అదే టెంపోలో ఇంటికి తెచ్చారు. తోలింది మాత్రం వేరేవాడు.

ఇంట్లో ఉన్నది ఆయన కూతురు జెమీమా ఒక్కతే. ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరి రెండు వారాలు కూడా కాలేదు. జ్వరమని ఆ రోజు కాలేజీకి పోలేదు. నలుగురు కూర్చున్న చోట నోరు విప్పలేని పిల్ల. క్లాసులో హాజరు పలికినా పక్క బెంచీకి వినపడదు. వాకిట్లో టెంపో ఆగి, వెనక తలుపు తెరుచుకున్నప్పుడు కూడా ఆమె గొంతులోంచి ఏడుపు రాలేదు. పక్కింటివాళ్ళు వచ్చి పట్టుకున్నాక వచ్చింది.

తల్లి దయామణి ఇజ్రాయేలులో ఉంది. జెమీమా ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ముసలామెను చూసుకునే పనికని వెళ్ళింది. ఈ ప్రాంతంలో కువైట్ పోయిన ఆడవాళ్ళకు లెక్కలేదు. వాళ్ళను కువైట్ పోయినారనే అంటారు. దయామణిని గురించి మాత్రం చర్చి సంఘంలో ఎవరూ అలా అనరు, పరిశుద్ధ దేశంలో ఉండాది అంటారు. ఆమె పంపిన ఒలీవ నూనె సీసాను సంఘ కార్యదర్శి ప్రసాదరావు సారు బీరువాలో పెట్టి, జబ్బు చేసినవాళ్ళకు ప్రార్థన చేసేటప్పుడు మాత్రమే తీసేవాడు. అక్కడ ఆమె రోజంతా చేసేది ముసలామెకు స్నానం చేయించి, గుడ్డలు మార్చి, మాత్రలు మింగించడమేనని అందరికీ తెలుసు. తెలిసినా ఆ మాట ఎవరి నోటా రాదు.

ఇరానుతో యుద్ధం మొదలై అప్పటికి వారమైంది. విమానాలు తిరగకుండా ఆకాశం మూసేశారని టీవీలో చెప్పారు. ఆకాశాన్ని కూడా మూస్తారని జెమీమాకు అప్పుడే తెలిసింది.

అంతకుముందు ఆదివారం గుడిలో ప్రసాదరావు సారు ఇజ్రాయేలు గెలవాలని చాలాసేపు ప్రార్థన చేశాడు. ఆయన రిటైరయిన హెడ్మాస్టరు, మాట తడబడదు. శత్రువుల రథాలు విరిగిపోవాలన్నప్పుడు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది జెమీమానే. వాళ్ళు గెలిస్తే అమ్మకు ఏమీ కాదనుకుంది. తండ్రి మాత్రం ఆమేన్ అనలేదు. కూడిక అయిపోయాక గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, గెలవాలని కాదు సారూ, ఆగిపోవాలని అడగండి అన్నాడు. దేవుడు వాగ్దానం చేసిన జనాన్ని గురించి అలా మాట్లాడొచ్చా అని సారు ముఖం ముడుచుకున్నాడు. వాగ్దానం సంగతి నాకు తెల్దు సారూ, మా ఆడమనిషి బాంబులకు భయపడి మెట్ల కింద కూసోని ఉండాది, అది తెలుసు అని ప్రకాష్ బాబు టెంపో ఎక్కేశాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఆ అవకాశం రాలేదు.

ఇప్పుడు ఫ్రీజర్ పెట్టె తెప్పించిందీ, షామియానా వేయించిందీ, ఊరూరా ఫోన్లు చేసిందీ ఆ ప్రసాదరావు సారే. సంఘమంతా వచ్చింది. ఒకరు అన్నం వండుకొచ్చారు, ఒకరు కుర్చీలు మోసుకొచ్చారు. సాయంత్రానికి కుప్పం నుంచి మేనత్త సౌజన్యమ్మ బస్సు దిగి, వీధి మొదలు నుంచే అన్నా అన్నా అని అరుచుకుంటూ వచ్చింది. పక్కింట్లో టీవీ నడుస్తోంది. టెహరానులో ఒక వీధి, కూలిన మేడ, దాని ముందు ఒకామె తల బాదుకుంటోంది. సౌండు తగ్గించి ఉంది గానీ ఆమె నోరు తెరిచిన తీరు అచ్చం సౌజన్యత్త నోరు తెరిచిన తీరే. శత్రువుల రథాలు అన్నప్పుడు జెమీమా మనసులో ఇలాంటి ఆడమనిషి లేదు. చూడలేక లోపలికి వెళ్ళింది.

దయామణి అంతకు ముందే ఫోన్ చేసింది. ఏడవలేదు. గొంతు మాత్రం బొంగురుపోయి ఉంది.

"ఏజెంటును అడిగితి పాపా. ఒకడు జోర్డాను మీద పోవచ్చంటాడు, ఇంకొకడు ఈజిప్టు అంటాడు. యాడ చూసినా దారి లేదు. నేను వచ్చేంతవరకూ మట్టిలో పెట్టేయొద్దని పెద్దోళ్ళకు చెప్పు. నువ్వే చెప్పల్ల."

జెమీమా నీళ్ళ చెంబు పట్టుకుని షామియానా కిందికి వచ్చింది. ఆ నెపం లేకుండా అంతమంది మగవాళ్ళ మధ్యకు రావడం ఆమెకు చేతకాదు. పాస్టరు అయ్యగారు, ప్రసాదరావు సారు, మార్కెట్లో మండీ నడిపే మునిశేఖర్, సంఘం పెద్దలు కొందరు కూర్చుని ఉన్నారు. యుద్ధం గురించి మాట్లాడుకుంటున్నారు. అమెరికా దిగిందంటే వారంలో తేలిపోతుందని ఒకరన్నారు. దిగితే డీజిలు ధర మనకు తగులుకుంటుందని మునిశేఖర్ అన్నాడు. రష్యా ఊరుకోదని, చైనా లోపల్లోపల ఆడిస్తోందని, ఇదంతా ప్రవచనాల్లో ముందే రాసి ఉందని తలా ఒక మాట అన్నారు.

"మీకేమప్పా, రాసింది రాసినట్టు జరిగితే సంబరమే," అన్నాడు మునిశేఖర్. "మా దేవుళ్ళు ఏమీ రాసిపెట్టలేదు, మేము పేపర్ చదివి భయపడాల్సిందే."

ఎవరో నవ్వారు. పక్కనే పెట్టె ఉందని గుర్తొచ్చి ఆపుకున్నారు.

జెమీమా చెంబు పట్టుకుని నిలబడే ఉంది. ఇన్ని దేశాల సంగతి తెలిసిన ఇంతమంది పెద్దల్లో, అక్కడి నుంచి బెంగుళూరుకు విమానం ఎప్పుడొస్తుందో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆమె నోరు విప్పింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"మా అమ్మ వచ్చేంతవరకూ ఉంచండి."

అందరూ తిరిగి చూశారు. ఎవరూ కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమెకు కొంచెం ధైర్యం వచ్చేదేమో. ప్రసాదరావు సారు కుర్చీలోంచి లేచి వచ్చి, ఆమె చేతిలోని చెంబు తీసుకుని కింద పెట్టాడు.

"ఉంచుదాం పాపా. ఎప్పుడొస్తుంది?"

సారు నిజంగానే అడిగాడు, చెబితే నిజంగానే ఆగేవాడు. అదే ఆమెకు ఏడుపు తెప్పించింది.

ఆదివారం సమాధి చేయడం ఆ సంఘంలో లేదు. శనివారం కాకపోతే సోమవారం. సోమవారానికైనా వస్తుందని ఎవరు చెప్పగలరు. పెట్టెలో ఎంత చల్లగా ఉంచినా ముఖం మారుతుందని అయ్యగారు మెల్లగా సౌజన్యమ్మకు చెప్పాడు. సౌజన్యమ్మ లోపలికి వెళ్ళి వదినకు ఫోన్ చేసి, ఇద్దరూ చాలాసేపు ఏడ్చి, చివరికి శనివారమే పెట్టేద్దామన్న మాటకు వచ్చారు. ఆ తర్వాత దయామణి ఫోన్ జెమీమాకు ఇవ్వమంది.

ఆ సంఘంలో ఒక అలవాటు ఉంది. శ్మశానంలో పెట్టె మూసే ముందు, చనిపోయినవాళ్ళ ముఖం మీద తెల్లగుడ్డ కప్పుతారు. కప్పేది కట్టుకున్నవాళ్ళే. వాళ్ళు లేకపోతే పెద్దబిడ్డ. ఆ గుడ్డ కప్పాక చూపు అయిపోయినట్టే, ఎవరొచ్చినా మళ్ళీ తీయరు. చుట్టూ నిలబడి పాట పాడుతుంటారు, పాట ఆఖరి చరణంలో గుడ్డ కప్పుతారు, పాట ఆగగానే మూత వేస్తారు.

"నేను ఫోన్లో చూస్తాండాలి," అంది దయామణి. "చూస్తా ఉంటే నువ్వు కప్పాల. నేను చూడకుండా కప్పొద్దు పాపా. ఆ ఒక్కటీ నాకు చెయ్యి."

"సరే మా," అంది జెమీమా.

శనివారం గుడిలో ఆరాధన ముగించి, ఊరి బయట గుట్ట వారనున్న శ్మశానానికి చేరేసరికి నాలుగు దాటింది. మదనపల్లె వైపు మబ్బు నల్లగా కమ్ముకుంది. పొద్దున తవ్విన గుంతలో అప్పటికే అడుగున ఊట పడుతోంది. బంకమట్టి, వాన పడితే పక్కలు జారతాయని తవ్వినవాళ్ళు చెప్పారు. అయ్యగారు వాక్యం తొందరగా ముగించాడు.

సౌజన్యమ్మ ఫోన్ పట్టుకుంది. ఒక్క రింగుకే దయామణి కనిపించింది. వంటింట్లో నిలబడి ఉంది, తెల్లచీర కట్టుకుంది. ఆ దేశంలో ఆమె దగ్గర తెల్లచీర ఎలా ఉందో జెమీమాకు తెలియదు. సౌజన్యమ్మ ఫోన్ను పెట్టె వైపు తిప్పుతుండగానే అవతల సైరన్ కూత మొదలైంది. సన్నగా మొదలై పెరుగుతూ పోయింది. శ్మశానంలో ఉన్న అందరికీ వినిపించింది.

"అయ్యో, ముసలామె మంచం మీద ఉండాది," అంది దయామణి. "ఎత్తుకోని కిందికి పోవాల. వచ్చేస్తా. కప్పొద్దండి, వచ్చేస్తా."

బొమ్మ ఊగింది. గోడ కనిపించింది, నేల కనిపించింది, ఆగిపోయింది.

వాక్యం అవగానే ఎత్తుకున్న పాట సాగుతోంది, ఆఖరి చరణం దగ్గరపడింది. మడిచిన గుడ్డ పట్టుకుని జెమీమా పెట్టె పక్కన నిలబడింది. నాన్న ముఖం మీద ఒక వానచుక్క పడింది. ఆమె చున్నీతో తుడిచింది. మరోటి పడింది.

పాట అయిపోయేలోగా ప్రసాదరావు సారు అదే రాగంలో మళ్ళీ మొదటికి ఎత్తుకున్నాడు. అయ్యగారు అర్థం చేసుకున్నాడు. ఆడవాళ్ళు అందుకున్నారు. అది అయ్యాక ఇంకో పాట. అది అయ్యాక ఇంకోటి. ఎవరో పెట్టె మీద గొడుగు పట్టారు. పాట ఎక్కడా తెగనివ్వలేదు, ఒకరికి ఊపిరి ఆడకపోతే పక్కవాళ్ళు లాగారు. పెళ్ళి పాటలు, పిల్లల పాటలు కూడా వచ్చేశాయి. మునిశేఖర్‌కు పాటలు రావు, ఊరికే పెదవులు కదిలిస్తూ నిలబడ్డాడు. పాటకూ పాటకూ మధ్య సారు కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేశాడు. గెలుపు మాట ఎత్తలేదు. ఏ దేశం పేరూ పలకలేదు. ఆ ఫోన్ మోగేటట్టు చెయ్యి తండ్రీ అని మాత్రమే అడిగాడు. అన్న మాటే నాలుగైదు సార్లు అన్నాడు.

ఫోన్ మోగలేదు. సౌజన్యమ్మ చేస్తూనే ఉంది, అవతల అందుబాటులో లేదని ఆడగొంతు చెబుతూనే ఉంది. కిందికి పోతే అక్కడ సిగ్నలు ఉండదని జెమీమాకు తెలుసు. అమ్మ ముందే చెప్పింది. పైకి ఎప్పుడు రానిస్తారో, అసలు రానిస్తారో లేదో అదే తెలియదు.

వాన పెరిగింది. గుంతలో ఒక పక్క మట్టి జారి దబ్బున పడింది. తవ్వినవాళ్ళు అయ్యగారి వైపు చూశారు, ఆయన సారు వైపు చూశాడు. సారు పాడుతూనే వచ్చి జెమీమా తల మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్ళజోడు తడిసిపోయి కళ్ళు కనబడలేదు. అందరూ తన వైపే చూస్తున్నారు, తన చేతిలోని గుడ్డ వైపు. తాను కప్పితే గానీ మూత వేయరు. వద్దంటే ఇంకా పాడతారు, గుంత కూలేదాకా పాడతారు. ఎవరూ బలవంతం చేయరు.

జెమీమా సెల్ వైపు ఒకసారి చూసి, వంగి, నాన్న ముఖం మీద గుడ్డ కప్పింది. తడిసిన గుడ్డ ముక్కుకూ నుదుటికీ అంటుకుపోయింది. పాట ఆగింది. మూత పడింది.

దించాక అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. పారలతో ఎగదోస్తున్నప్పుడు ఫోన్ మోగింది. సౌజన్యమ్మ తెర మీద వదిన పేరు చూసి, ఎత్తలేక, వేడి పెనం పట్టుకున్నట్టు జెమీమా చేతిలో పెట్టేసింది.

దయామణి మెట్ల మీద నిలబడి ఆయాసపడుతోంది. తెల్లచీరకు దుమ్ము అంటింది.

"వచ్చేసినా పాపా. కప్పలేదు కదా?"

ఫోన్ తన ముఖానికి దగ్గరగా పెట్టుకుంది జెమీమా, వెనక ఏమీ కనబడకుండా.

"లేదు మా," అంది. "ఇంకా పాడతా ఉండారు."

పారలు ఆగిపోయాయి. వానలో అంతమందీ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. అప్పుడు వెనక నుంచి ప్రసాదరావు సారు గొంతు ఒక పాట ఎత్తుకుంది. జీవితంలో అబద్ధం ఆడలేదని చెప్పుకునే మనిషి. ఆడవాళ్ళు అందుకున్నారు, తర్వాత అయ్యగారు, తర్వాత అందరూ.

దయామణి పాట విన్నది. ముఖం తేటపడింది. చీర చెంగు తీసి కళ్ళు తుడుచుకుని, జుట్టు వెనక్కు తోసుకుని, సర్దుకుని నిలబడింది.

"సరే పాపా. మీ నాయనకల్లా తిప్పు ఫోను."

జెమీమా ఫోన్ పట్టుకుని నిలబడింది. వెనక పాట సాగుతూనే ఉంది.

"తిప్పమ్మా," అంది దయామణి.