రెండో సర్వరు లేచేదాకా

అయినా అది ఎందుకు లేస్తుంది, మొదటి సర్వరు క్షణక్షణమూ నేనున్నాను, నేనున్నాను అని కబురు పంపుతుంటే అది ఆగితే పని అందుకోవడానికని ఉంచిన రెండోదానికి లేవాల్సిన అవసరమేముంది, అనుకుంటూ ఆమె తెర ముందు చెంపకు చెయ్యి ఆనించుకుంది, మధ్యాహ్నపు ఎండ అద్దాల్లోంచి జారి బల్ల మీద బద్ధకంగా పరుచుకుంది, కంపెనీలో ఏ పని తర్వాత ఏ పని నడవాలో చెప్పేది ఆ మొదటిదే, గోదాములో సరుకు లెక్క తేలాకే లారీలకు వర్తమానం, లారీలు కదిలాకే దుకాణాలకు సందేశాలు, ప్రతి యంత్రంలోనూ ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాం చెవులు రిక్కించుకుని ఉంటుంది, చెప్పింది చేస్తుంది, చేశానని చెబుతుంది, ఆ పనుల పట్టికంతా రెండో సర్వరుకూ తెలుసు, తెలిసీ నోరు మెదపదు, అచ్చం తన పిట్టలాగే, పదిహేడేళ్ల కూతురు, నత్తి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి మెడనరాలు బిగుసుకుంటే చూడలేక ఆ మాట తనే అందుకుంటుంది, కొట్లో, బడిలో, డాక్టరు దగ్గర, నీకెందుకు తల్లీ శ్రమ, నేను చెబుతాగా, రేపు బొమ్మలు గీయడం నేర్పే కాలేజీలో ఇంటర్వ్యూ, పిల్ల ప్రాణమంతా ఆ సీటు మీదే, పక్కన కూర్చుని తనే చెప్పేస్తే సరి.

ఇక మొదటిదాన్ని ఆపండి మేడమ్, రెండోది అందుకుంటుందో లేదో చూద్దాం, అన్నాడు పెద్దాయన, అందరికంటే ముందు చేరాడని ఆఫీసంతా ఆయన్ని అలాగే పిలుస్తారు, ఆమె ఆపింది, పనులన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, ఏజెంట్లు ఆజ్ఞ కోసం చూస్తున్నాయి, ఏసీ హోరు తప్ప ఏమీ లేదు, రెండోది ఉలకదు, పలకదు, అయ్యో లేవదేమో, పాపం దానివల్ల కాదేమో, ఆమె చెయ్యి దానంతటదే మొదటిదాని స్టార్ట్ బటన్ మీదికి పోయింది, ఆగండి మేడమ్, పోయినసారీ ఇలాగే తొందరపడ్డారు, ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అన్నారా, మీరు మళ్లీ మొదటిదాన్ని లేపేస్తే దీనికి చేతకాదని మనమే తేల్చేసినట్టవుతుంది కదండీ, అని నవ్వాడాయన, చెయ్యి వెనక్కి తీసుకోవడం ఇంత కష్టమా అనుకుంది ఆమె, కళ్లు మూసుకుంది, తెరిచేసరికి తెర మీద ఒక వరుస పచ్చగా మారింది, తర్వాత ఇంకొకటి, రెండోది ఆగిన చోటు నుంచే మొదలుపెట్టింది, తొందరేమీ లేకుండా.

అప్పుడే ఫోన్ మోగింది, పిట్ట, ఎప్పుడూ మెసేజ్ తప్ప ఫోన్ చెయ్యని పిల్ల, అమ్మా, రే... రేపు... నువ్వు, అని ఆగిపోయింది, నువ్వు నా పక్కనే ఉంటావుగా అనేగా, ఉంటాను తల్లీ, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది, ఆమె పెదవి కొరికి పట్టుకుంది, అవతల ఊపిరి, మళ్లీ ఊపిరి, అయినా ఆమె ఆగింది, బ... బయట కూర్చో అమ్మా, నే... నేనే చెప్పుకుంటా, అంది పిట్ట, సరే తల్లీ, బయటే కూర్చుంటాను, అంది ఆమె, తను అందించబోయిన మాట వేరు, వచ్చిన మాట వేరు, ఇన్నేళ్లూ కొట్లో, బడిలో, డాక్టరు దగ్గర తను పూర్తి చేసినవి పిల్ల మాటలు కావు, తన మాటలే.