మిట్టాయన కూతురు

పొద్దున్న లేచి మొహం కడుక్కోకముందే మిట్టాయన రెండు సైకిళ్ళ టైర్లూ బొటనవేలితో నొక్కి చూస్తాడు. వేలు దిగిందంటే పంపు తీస్తాడు. తరవాత చైనుకి నూనె, ఆ వెంటనే పాతగుడ్డతో తుడుపు. "నూనె తక్కువైతే చైను అరుస్తుంది, ఎక్కువైతే దుమ్ము తింటుంది. వేసి తుడిచెయ్యాలి" అని రోజూ చెబుతాడు. వినడానికి ఇంట్లో ఉన్నది భార్యా, కూతురూ. భార్యకి సైకిలు రాదు. కూతుర్ని నిద్రలో లేపి అడిగినా ఈ పాఠం అప్పజెబుతుంది.

"కుడికాలు పాంటు మడిచావా?"

"మడిచాను నాన్నా."

"ఆగి ఉన్న కార్లకి చెయ్యిదూరం వదిలి పో. ఏ మహానుభావుడు ఎప్పుడు తలుపు తీస్తాడో వాడికే తెలీదు."

"సరే నాన్నా."

"తడి రోడ్డు మీద ముందు బ్రేకు..."

"గట్టిగా నొక్కకూడదు. అయ్యబాబోయ్, ఇంక పద నాన్నా! నువ్వు చెప్పేలోపు రోడ్డు ఆరిపోయేలా ఉంది."

ఇద్దరూ కలిసే బయల్దేరతారు. ఆయన లాండ్రీలో పనిచేస్తాడు. ఆసుపత్రుల నుంచి వచ్చిన దుప్పట్లని వేడి రోలర్ల మధ్యకి తోస్తూ రోజంతా నిలబడాలి. కూతురిది అదే రోడ్డులో ఇంకాస్త ముందున్న అట్టపెట్టెల ఫ్యాక్టరీ. ఇంటి దగ్గర్నుంచి అక్కడిదాకా పలకలాంటి రోడ్డు, మధ్యలో ఒక వంతెన, అదీ చదునే. ఆయనకి మాత్రం మిట్ట.

ఆయన సైకిలెక్కాడంటే ముందుచక్రం కింద రోడ్డు పైకి లేస్తుంది. వెళ్ళేటప్పుడూ మిట్టే, వచ్చేటప్పుడూ మిట్టే. వెళ్ళేటప్పుడు ఎక్కినవాడు వచ్చేటప్పుడు దిగాలి కదా అని లెక్కలడిగేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. ఒకళ్ళకి ఎడమచేతి వాటం ఉంటుంది, ఒకళ్ళకి పిల్లికళ్ళుంటాయి, ఈయనకి మిట్ట ఉంది, అంతే. నడిస్తే ఏమీ ఉండదు, చక్రాలెక్కితేనే. ఓసారి వానకి తడవలేక బస్సెక్కాడు. బస్సు కాస్తదూరం మూలిగి మూలిగి, ఇంక నావల్ల కాదన్నట్టు ఆగిపోయింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "మిట్ట ఉన్నవాళ్ళెవరండీ? కొంచెం దిగండి బాబూ, అందరికీ ఆలస్యమవుతోంది" అన్నాడు మర్యాదగానే. దిగాడు. మర్చిపోయిన టిఫిను డబ్బాని ఒకావిడ కిటికీలోంచి అందించింది కూడా. పాపం, ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఈ మిట్ట వాళ్ళ నాన్నది. మిట్ట ఇల్లు దాటదని అందరికీ తెలుసు. పెద్దవాళ్ళ నుంచి పిల్లలకి దిగుతుంది, ఒక్కరికే దిగుతుంది, దిగాక ఇచ్చినవాళ్ళు తేలికపడతారు. ఎలా దిగుతుందో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలీదు. మిట్టాయనకి చిన్నప్పుడు వాళ్ళ నాన్నే సైకిలు నేర్పాడు, సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తుతూ. తరవాత చాలా ఏళ్ళు ఆయనకి సొంత సైకిలు లేదు. ఉద్యోగం వచ్చాక కొనుక్కుని ఎక్కి చూస్తే మిట్ట! ఇంకేముంది, నేర్పేటప్పుడు సీటు పట్టుకున్న చేతిలోంచే దిగిందని తేల్చేసుకున్నాడు. ఆ మాట ఎవరూ కాదనలేదు, అవుననీ అనలేదు.

అందుకే కూతురు సైకిలు నేర్చుకుంటానన్న రోజు ఆయన చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

"పట్టుకో నాన్నా, పడిపోతాను!"

"పడవు. కిందికి చూడకు, దూరంగా చూడు. తొక్కు, తొక్కు!"

పడింది. లేచింది. మళ్ళీ పడింది. పక్కింటి పిల్లలందరికీ వెనకాల నాన్నలు పరిగెత్తుతుంటే, ఈ పిల్లకి మాత్రం నాన్న గోడకి ఆనుకుని కేకలేస్తూ నిలబడ్డాడు. ముందుపన్ను విరిగింది. ఆ రోజు రాత్రి భార్య, "మీ గుండె రాయండీ, రాయి" అని ఏడ్చింది. ఆయన ఎందుకు పట్టుకోలేదో కూతురికి తెలుసు, తెలిసినా ఆ చెయ్యి లేని లోటు లోటే. ఇప్పటికీ నవ్వినప్పుడు పెదవితో ఆ పన్ను కప్పుకుంటుంది.

అయితేనేం, పిల్ల ముందు రోడ్డు రోడ్డులాగే ఉంది. రోజూ పొద్దున్న ఆయన రొప్పుతూ తొక్కుతుంటే, అది పక్కన ఒంటిచేత్తో, ఏదో కూనిరాగం తీస్తూ, ఆయన కోసమని అటూ ఇటూ వంకర్లు తిప్పుకుంటూ మెల్లగా వస్తుంది. దాన్ని అలా చూడటమే ఆయనకి ఈ జన్మకి మిగిలిన సంతోషం. "నా చేతులు నా దగ్గరే ఉంచుకున్నాను, అదొక్కటే నేను చేసిన మంచిపని" అని భార్యతో అన్నాడొకసారి. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది, పన్ను గుర్తొచ్చి ఉంటుంది.

ఏం చెప్పమంటారు, మిట్టకి పుట్టిన మనిషికి మోకాళ్ళే ముందు ముసలివవుతాయి. ఆ ఏడు ఆయన మోకాళ్ళు వాచాయి. ఆ వెనకే గుండెలో పట్టేసినట్టు నొప్పి మొదలైంది. డాక్టరు సైకిలు మానెయ్యమన్నాడు. నడిచి వెళ్ళేంత దగ్గరైతే కదా మానడానికి! దగ్గర్లో ఇంకో పని చూసుకోమన్నారు, చూశాడు, ఆ వయసులో ఎవరిస్తారు? లాండ్రీ సైరను మోగితే గేటు వేసేస్తారు. వేశాక ఇంటికే. గేటాయన మంచివాడే, "నా చేతుల్లో ఏముంది మిట్టాయనా, ఇంకోసారైతే పేరు కొట్టేస్తామంటున్నారు" అని ముందే చెప్పాడు.

మర్నాడే ఎదురుగాలి.

వంతెన మీదికి వచ్చేసరికి ఆయన సైకిలు ఆగిపోయింది. పెడలు మీద ఒళ్ళంతా వేసినా దిగదు. హ్యాండిల్ మీద తల వాల్చేసి, ఊపిరి కోసం నోరు తెరిచాడు. లారీలు హారన్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోతున్నాయి.

కూతురు దిగి, తన సైకిలు కమ్మీలకి ఆనించి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, నువ్వు ఊరికే కూర్చో. నేను తోస్తాను."

"వద్దమ్మా. ముట్టుకోకు."

"నీ మిట్ట సంగతి నాకు తెలీదా? పట్టుకున్న చేతిలోంచి కదా దిగేది. ఇప్పుడు చెయ్యి నాది, సైకిలు నీది. నాకేమవుతుంది?"

ఆయన అంత నొప్పిలోనూ ఆలోచించాడు. నిజమే. ఇచ్చేది చెయ్యి. కూతురు నేర్పడం లేదు, తను నేర్చుకోవడం లేదు. ఎటునుంచి చూసినా తప్పు కనపడలేదు. అవతల సైరను టైమవుతోంది. పేరు కొట్టేస్తే ఇంట్లో పొయ్యి దీని ఒక్కదాని మీదే పడుతుంది.

"సరే, ఈ వంతెన దాకానే" అన్నాడు.

కూతురు సీటు వెనక చెయ్యి వేసి తోసింది. కొంచెం కదిలింది. ఇంకొంచెం కదిలింది. ఉన్నట్టుండి సైకిలు పరిగెత్తింది. కాళ్ళు ఆడించకముందే పెడళ్ళు తిరుగుతున్నాయి, ముందు రోడ్డు పరుచుకుని ఉంది. చదునుగా తొక్కడమంటే ఇదా అనుకున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, పిల్లాడిలా నవ్వు కూడా వచ్చింది.

అప్పుడు వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. తనకింకా సొంత సైకిలు లేనప్పుడు, నాన్న జబ్బుపడి ఇంక తొక్కలేని రోజుల్లో, ఒక సాయంత్రం వీధి మొదట్లో ఆగిపోతే, ఈయనే పరిగెత్తుకెళ్ళి సీటు పట్టుకుని ఇంటిదాకా తోశాడు. నాన్న దిగి గుమ్మంలో కూర్చుని, కొడుకు చేతులు పట్టుకుని ఏడ్చాడు. జబ్బు బాధ అనుకున్నాడప్పుడు.

రెండు బ్రేకులూ పట్టేసి దిగాడు. వెనక కూతురు తన సైకిలెక్కుతోంది. ఎక్కింది. తొక్కబోయింది. పెడలు దిగలేదు.

"చైను పట్టేసినట్టుంది నాన్నా, చూడు!"

ఆయన వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చైను చూశాడు. బ్రేకు దిమ్మలు రిమ్ముకి రాసుకుంటున్నాయేమో చూశాడు. వెనక చక్రం ఎత్తి తిప్పాడు, గిర్రున తిరిగింది. టైర్లు బొటనవేలితో నొక్కాడు, పొద్దున్న కొట్టిన గాలి కొట్టినట్టే ఉంది. అన్నీ బాగానే ఉన్నాయి. మళ్ళీ మొదట్నుంచీ అన్నీ చూశాడు.

"నాన్నా" అంది కూతురు. "ఏమైంది నాన్నా?"

"ఎక్కు తల్లీ. నేను తోస్తా. తీసేసుకుంటా, ఉండు" అని సీటు పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల సీటు మీద ఆయన చెయ్యి పడటం అదే మొదలు. బలంకొద్దీ తోశాడు, పక్కనే పరిగెత్తాడు, మళ్ళీ తోశాడు. మిట్ట కదల్లేదు. అది కిందికి దిగేదే గాని, దిగిన మెట్టు మళ్ళీ ఎక్కదు.

"వదిలెయ్ నాన్నా."

"ఉండవే, వస్తుంది, ఇంకొక్కసారి..."

"రాదు నాన్నా. వదిలెయ్. గేటు వేసేస్తారు, నువ్వు ముందెళ్ళు." ఏడవలేదు ఆ పిల్ల. అలసిపోయిన పెద్దమనిషి గొంతుతో చెప్పింది.

వెళ్ళాడు. వెళ్ళక ఏం చేస్తాడు? ఎదురుగాలిలో కూడా సైకిలు జారుకుంటూ పోయింది. గేటాయన తాళం చేత్తో పట్టుకుని, "ఏంటి మిట్టాయనా, ఇవాళ ఇంత తొందరగా..." అని, ఆయన మొహం చూసి, వంతెన వైపు చూసి, పక్కకి తప్పుకుని దారిచ్చాడు. గేటు మాత్రం టైముకే వేశాడు.

కాసేపటికి గేటు ముందునుంచి అట్టపెట్టెల ఫ్యాక్టరీ వైపు కూతురు వచ్చింది. చుట్టూ అందరూ హాయిగా పోతుంటే అదొక్కతే సీటు మీంచి లేచి నిలబడి, ఒళ్ళంతా పెడళ్ళ మీద వేసి, పళ్ళు బిగబట్టి తొక్కుతోంది. మిట్టాయన గేటు ఊచలు పట్టుకున్నాడు.

"నిలబడి తొక్కకమ్మా!" అని అరిచాడు. "కూర్చుని తొక్కు! ఊపిరి మిగుల్తుంది!"

ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. కూర్చుని తొక్కింది.