కుదుపు లేని సినిమా

నేను ఒక చక్రాల కుర్చీని. నన్ను చూడగానే మీ ముఖంలోకి ఒక జాలి వస్తుంది చూశారూ, అది నాకు బాగా తెలుసు. నామీద అంత జాలి అక్కర్లేదు. కూర్చోబెట్టుకోవడం నా పని, తోయడం మీ పని. ఈ రెండింట్లో ఇన్నేళ్లుగా ఆలస్యమవుతున్నది మీ పనే.

ఒక రేకుల షెడ్డులో పైపులు వంచి, నల్ల రెక్సిన్ తొడిగి, నూరు కిలోల దాకా మోస్తానని నా వీపున చీటీ అంటించారు. మొదటి కొలువు ఒక ఆసుపత్రిలో. డిశ్చార్జి అయ్యేవాళ్లు చక్కగా నడవగలిగినా సరే, రూలు ప్రకారం గేటు దాకా నాలోనే కూర్చోవాలి. వాళ్లని నేను మోస్తూ ఉంటే, నిజంగా నడవలేని వాళ్లు నాకోసం కౌంటరు దగ్గర గంటసేపు నిలబడేవారు. ముందు చక్రం ఒకటి మొండికేశాక నన్ను పాత సామాన్లతో కలిపి అమ్మేశారు. రిపేరు కొట్టువాడు చక్రం మార్చి, రంగు పూసి, కొత్తదాన్నని బొంకి విశాఖపట్నం మద్దిలపాలెంలో ఉండే జగన్నాయకులు మాస్టారి ఇంటికి పంపాడు.

మాస్టారు ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. రోజూ సాయంత్రం భార్య మహలక్ష్మమ్మ ఆయన్ని నాలో కూర్చోబెట్టి సందు చివర పార్కు దాకా తోసేది. అక్కడ పాత స్నేహితులతో గంటసేపు వాదన పెట్టుకుని, గెలిచి, ఇంటికొచ్చేవారు. రోజు మొత్తంలో ఆయన బతికేది ఆ గంటే అని మహలక్ష్మమ్మ అంటూ ఉండేది.

పై వాటాలో సత్యవేణి అద్దెకుండేది. సినిమాలు తీయడం నేర్పే కోర్సులో ఆఖరి ఏడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు గానీ, ఆ పిల్ల నాలుగు పడవల మీద పెట్టింది. డిప్లొమా కోసం ఒక ప్రేమకథ, పరీక్ష కోసం ఒక డాక్యుమెంటరీ, నూటయాభై పేజీల థీసిస్, ఇవి చాలవన్నట్టు ప్రిన్సిపాల్‌గారి మాట కాదనలేక కాలేజీ వార్షికోత్సవం వీడియో. డాక్యుమెంటరీల్లో మొదటి బహుమతి వచ్చినవాళ్లకి హైదరాబాదు స్టూడియోలో ఆరునెలల పని ఇస్తామన్నారు. ఆమె కళ్లన్నీ దానిమీదే.

"ఒక్క పూట ఇవ్వండి మాస్టారూ, మీ కుర్చీని ట్రాలీ చేసుకుంటాను" అని అడిగింది. కెమెరా కదులుతూ పోవాలంటే పట్టాల మీద నడిచే బండి కావాలట. దానికి అద్దె ఎక్కువ. చక్రాల కుర్చీలో కెమెరామన్‌ని కూర్చోబెట్టి తోసేస్తే అదే పని అయిపోతుందట.

మాస్టారు నవ్వి, "పట్టుకెళ్లమ్మా" అన్నారు.

ఒక్క పూట ఎనిమిది రోజులైంది. రెండు కాళ్లూ బ్రహ్మాండంగా ఉన్న ఇమ్రాన్ అనే కుర్రాడు కెమెరా పట్టుకుని నాలో కూర్చున్నాడు. సత్యవేణి తోసింది. ప్రేమకథలో హీరోయిన్ వెంట పరుగెత్తాను. ప్రిన్సిపాల్‌గారి చుట్టూ ప్రదక్షిణ చేశాను. చివరికి డాక్యుమెంటరీకి బయల్దేరదీశారు. దాని విషయమేమిటో తెలుసా? నడవలేని వాళ్లకి ఈ ఊళ్లో ఎక్కడ చూసినా మెట్లే అడ్డమని. మెట్లు వచ్చిన చోటల్లా నలుగురు క్లాసు పిల్లలు నన్ను ఇమ్రాన్‌తో సహా ఎత్తి పైన పెట్టేవారు. ఎత్తేటప్పుడు కెమెరా ఆపేసేవారు. ఆ ఎనిమిది సాయంత్రాలూ మాస్టారు అరుగుమీద కూర్చుని సందు చివరికేసి చూస్తూ ఉన్నారని నన్ను వెనక్కి తెచ్చాక మహలక్ష్మమ్మ అంటుంటే విన్నాను. నాకు చాలా సిగ్గేసింది.

గడువుకి ముందురోజు సత్యవేణి ల్యాప్‌టాప్ తెచ్చి మాస్టారికి సినిమా చూపించింది. కుర్చీ కుదిపి బొమ్మ అదిరిన చోటల్లా కంప్యూటర్లో సరిచేశానని గర్వంగా చెప్పింది. ఆయన ఆసాంతం చూసి, "బాగుందమ్మా. మరి ఇందులో కుదుపేదీ?" అన్నారు.

"అదే కదా మాస్టారూ తీసేసింది!"

"ఏటి తీసేసింది? నన్ను పార్కుకి తోసినప్పుడు పళ్లూడినంత పనవుతాది. ఇందులో బ్యాంకు మెట్లు నీ కుర్చీ ఎలా ఎక్కేసిందమ్మా? నేనైతే ఏడాదిగా కిందే ఉండిపోతన్నాను."

సత్యవేణి ల్యాప్‌టాప్ పట్టుకుని పైకి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, "మాస్టారూ, ఇవాళ మీరే కూర్చోవాలి" అంది. కెమెరాని నా చేతికి బిగించింది. ఇద్దరూ బ్యాంకుకీ బస్టాండుకీ తిరిగారు. మెట్లు వచ్చిన చోట ఎవరూ ఎత్తలేదు, ఆగిపోయాం. మధ్యాహ్నం మూడున్నరకి కాలేజీ వరండాలో ఉన్నాం. నాలుగింటికి గడువు. కొత్తగా తీసింది సినిమాలో అతికించే సమయం లేదు.

"ఇవాళ్టికి పాతదే ఇచ్చేస్తాను మాస్టారూ. ఐదు నిమిషాల్లో వస్తాను" అంది. ఆఫీసు రెండో అంతస్తులో, లిఫ్టు లేదు.

"వెళ్లమ్మా. నేనెక్కడికి పోతాను?" అన్నారాయన.

ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్లిపోయింది. పైన ప్రిన్సిపాల్‌గారు పట్టుకుని వార్షికోత్సవం వీడియోలో తన ముఖం ఇంకా తెల్లగా ఉండాలన్నారట. అక్కణ్నుంచి తప్పించుకుంటే థీసిస్ గైడు సంతకాల కోసం కూర్చోబెట్టాడట. దిగి వచ్చేసరికి నలభైమూడు నిమిషాలైంది. వస్తూనే చేతులు జోడించింది. మాస్టారు "పరవాలేదమ్మా" అన్నారు. కెమెరా ఆపలేదన్న సంగతి ఇద్దరూ మరిచారు.

మర్నాడు ఉదయం అరుగుమీద కూర్చుని, నా పక్కనే సత్యవేణి ఆ రికార్డింగు చూసింది. ముందుగా తెరమీద కనిపించింది ఆమె వీపే. మెట్లెక్కి, మలుపు తిరిగి మాయమైంది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. తర్వాత ఎవరెవరివో కాళ్లు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. ఇరవై నిమిషాలకి ఒక పిల్లల గుంపు వచ్చింది. "ఇక్కడ ఫొటో దిగాలి" అని ఒకమ్మాయి అంది. ఎవరికీ మాస్టారిని అడగాలనిపించలేదు. వెనక నుంచి ఎవరో నా పిడులు పట్టుకుని పక్కకి తిప్పి నెట్టేశారు. అక్కడి నుంచి చివరిదాకా కెమెరాలో ఉన్నది సున్నం రాలిన గోడ ఒక్కటే. నవ్వులు వినిపించాయి, దూరమయ్యాయి. మిగిలింది మాస్టారి ఊపిరి. మధ్యలో ఒకసారి, ఎవరితోనో కాదు, తనతో తనే "పదిహేడు మూళ్లు యాభై ఒకటి" అనుకున్నారు. ఎక్కాలు మొదలుపెట్టారు.

సత్యవేణి ఏడ్చింది. ల్యాప్‌టాప్ మూసి, కాలేజీకి బయల్దేరింది.

"పాతది ఉండనీయమ్మా, మొదటి బహుమతి దానికే వస్తాది. స్టూడియో పని పోగొట్టుకోకు" అన్నారు మాస్టారు. ఆమె వినలేదు. గడువు దాటాక మారిస్తే సగం మార్కులేనని గుమాస్తా చెప్పాడట. సంతకం పెట్టి పాతది వెనక్కి తీసుకుని, ఆ వరండా రికార్డింగునే ఉన్నదున్నట్టు ఇచ్చేసింది. స్టూడియో పని ఇంకెవరికో వెళ్లింది.

వైవా జరిగిన నాటి సాయంత్రం ఆమె మాస్టారి దగ్గరికి వచ్చింది. ముందు ఇద్దరూ మార్కులు కూడారు. గట్టెక్కినట్టే. తర్వాత కాలేజీలో జరిగింది చెప్పింది. పరీక్షకి వచ్చిన పెద్దమనిషి చూసి విసుక్కున్నాడట. "ఏమ్మా, ఇరవై మూడు నిమిషాలు ఉత్త గోడేనా? కెమెరా పక్కకి తిరిగిపోయిందని చూసుకోలేదా?"

"చూసుకోలేదు సార్" అందట సత్యవేణి. "తిరిగింది కెమెరా కాదు, కుర్చీ. అందులో ఒక మనిషి ఉన్నాడు."