ఎర్త్ గొయ్యిలో నీళ్ళు

నా భార్య ఆశాజ్యోతి జ్ఞాపకార్థ కూడిక ఆదివారం. ఆరోజు ఆమె గొంతుతోనే ఒక కీర్తన వినిపించాలనుకున్నాను. పోయే ముందు వేసవిలో మంచం మీద కూర్చుని పాడింది. ఆంప్లిఫయర్‌కి మైకు తగిలించి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఆమెనే చూస్తూ ఉండిపోయాను, వేరే చప్పుడేదీ వినలేదు. ఆమె పోయాక అది పెట్టడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు పెడితే పాట వెనక గుయ్యిమని ఒకటే మోత. ఆమె సన్నగా పాడిన చోటల్లా మోతే వినబడుతోంది.

ఎలక్ట్రీషియన్ వీరబాబుని పిలిచాను. నా దగ్గర చదువుకున్నవాడే. రాగానే నన్ను ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టమన్నాడు. మోత కొంచెం తగ్గింది.

"మీరిలా పట్టుకు కూర్చుంటే సరిపోద్ది మాస్టారూ. కూడిక అయ్యేదాకా లేవకండి," అన్నాడు. నవ్వబోయాను గాని రాలేదు.

ఇంటి ఎర్త్ సరిగా లేదని తేల్చి పెరట్లోకి నడిచాడు. అంట్లు తోమే గట్టు పక్కనే గొయ్యి. మట్టి బీటలు తీసి ఉంది. తడి లేకపోతే ఎర్త్ పనిచేయదంటూ, ఇందులో నీళ్ళెవరు పోస్తారని అడిగాడు. ఆశాజ్యోతి రోజూ పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్ళు అందులోనే పోసేది. వేసవిలో కాలువలు కట్టేసిన నెలల్లో ఇంకో చెంబు ఎక్కువ పోసేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

వీరబాబు ఉప్పు, బొగ్గు వేసి బిందెలతో నీళ్ళు పోశాడు. అవి ఇంకేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. లోపలికొచ్చి ఆంప్లిఫయర్ వేసి వాల్యూం పెంచాడు. చప్పుడు లేదు. సంతోషంగా, పాట పెట్టమన్నాడు.

పెట్టాను. మోత మళ్ళీ వచ్చింది.

ఆపితే లేదు. పెడితే ఉంది. వాడు పెన్‌డ్రైవ్ పీకి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది రికార్డులోనే ఉందండి. పాడిన రోజుకే గొయ్యి ఎండిపోయుంటది. అమ్మగారు అప్పటికే మంచాన ఉన్నారు కదండీ."

తీయడం కుదరదా అని అడిగాను. కంప్యూటర్‌లో తీయించవచ్చు గాని, మోతతోపాటు గొంతు కూడా కొంత పోతుందని, ఆవిడ గొంతులా ఉండదని చెప్పాడు. వద్దన్నాను.

ఆదివారం పాట పెట్టలేదు. ఆ కీర్తన సంఘంవాళ్ళే పాడారు.

మర్నాడు పొద్దున్న బియ్యం కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి గొయ్యిలో పోశాను. ఒక్కడికి వండే బియ్యం. చెంబు కూడా నిండలేదు.