తుప్పుపట్టిన పైపు

మా ఇంట్లో బ్రేకులు బాగుచేసేది నేను. చేతులు కడుక్కుని అందరికీ టీ తెచ్చేదీ నేనే. మా ఆయన లుంగిసాని పాత కార్ల సంఘానికి కార్యదర్శి. జింబాబ్వేలోని మా బులవాయో ఊళ్ళో ఎవరి పాతబండి మొరాయించినా మా పెరట్లోకే తెస్తారు. స్నేహంకొద్దీ చేసే పని, చేసినందుకు ఎవరూ ఏమీ తీసుకోరు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మా నాన్న నేర్పిన విద్య అది. బండి తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం మా ఆయన భుజం తట్టేవారు. "మాసిబాండా, మీ ఆయన చేతిలో ఏదో మంత్రం ఉంది" అని నాతోనే అనేవారు. పదకొండేళ్ళు నవ్వి ఊరుకున్నాను. "ఆడదాని చేతి బ్రేకులంటే ఎవడు బండెక్కుతాడే? నా పేరైతేనేం, నీ పేరైతేనేం" అనేవాడు ఆయన.

సంఘమంతా మటోపో కొండలకు వెళ్ళే ఆదివారం దగ్గర పడుతుండగా సంఘంలోని డింగాని తన నీలం కారు తెచ్చాడు. వెనక చక్రాల బ్రేకులు మార్చాను. కింద పడుకుని చూస్తే, బ్రేకు నూనె పారే పైపు తుప్పుపట్టి చెమ్మగా ఉంది. ఆ కాలపు బండికి ఆ ఒక్క పైపు తెగిందంటే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. కొత్త పైపు వేసేదాకా బండి కదలకూడదని మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

శనివారం క్లినిక్‌లో పని ముగించుకుని వచ్చేసరికి పెరట్లో బండి లేదు.

"ఇచ్చేశాను. మాటిచ్చాను కదా" అన్నాడు మా ఆయన.

"మరి పైపు?"

"ఇన్నేళ్ళున్న పైపు ఇంకొక్క ఆదివారం ఉండదా?"

డింగానికి చెబుదామని ఫోన్ తీశాను.

"చెయ్యి, చెయ్యి. మా ఆయనకేమీ రాదని ఊరంతా చాటించు. రేపట్నుంచి నేను సంఘంలో తలెత్తుకోనక్కర్లేదు."

ఫోన్ బల్లమీద పెట్టేసి రాత్రి భోజనానికి మొక్కజొన్నపిండి ముద్ద, ఇసిత్ష్వాలాకి ఎసరు పెట్టాను. ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో. ఆయన నా చెయ్యి పట్టుకోలేదు, ఫోన్ లాక్కోలేదు. ఇంట్లో గొడవ లేకుండా పిండి కలుపుకోవాలనిపించింది, అంతే.

మర్నాడు కొండ దిగువన వాలులో డింగాని తొక్కిన బ్రేకు నేలకంటిపోయింది. బండి బండరాయికి గుద్దుకుంది. ఆయన చెయ్యి విరిగింది. పక్కన కూర్చున్న ఆయన భార్య తోకోజిలే ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

మంగళవారం సంఘం పెద్దలు మా ఇంటికొచ్చారు. నేను టీ ట్రేతో గుమ్మంలోనే ఉన్నాను.

"ఆ బండి పని చేసిందెవరు, లుంగిసాని?"

ఆయన నావైపు చూడలేదు. "నేను ముట్టుకోలేదు. అంతా మాసిబాండాయే చేసింది. పని తెలుసనుకుని నమ్మాను."

నా పని నాదేనని ఆయన నలుగురిలో ఒప్పుకోవడం అదే మొదటిసారి.

వంటింట్లో మా అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసింది. "తెలియక చేశానని చెప్పెయ్యి, అమ్మాయ్. ఆడదానివి, నిన్నెవరేమంటారు? వాడికి పదవుంది, పరువుంది."

తెలియక! ఇందులో నేను చెయ్యని తప్పంటూ ఉంటే అదొక్కటే.

తెల్లవారి డింగాని ఇంటికి ఒంటరిగా వెళ్ళాను. ఆయన మగవాళ్ళ మధ్య, చెయ్యి మెడకు కట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"బండి పని చేసింది నేనే, అన్నా. పైపు తెగుతుందని నాకు తెలుసు. మా ఆయనకూ చెప్పాను. మీరు బండి తీసుకెళ్ళారని శనివారమే తెలిసింది. ఫోన్ చెయ్యలేదు."

డింగాని అడిగాడు. "ఎందుకు చెయ్యలేదమ్మా?"

"మా ఆయన పరువు పోతుందని."

పైకి అన్నాకే ఆ మాట ఎంత చిన్నదో నా చెవికి తెలిసింది. డింగాని తిట్టలేదు. బాగున్న చేత్తో తలుపువైపు చూపించాడు. లోపల, చావు ఇంటి ఆచారంగా సామానంతా తీసేసిన గదిలో, తోకోజిలే తల్లీ అక్కచెల్లెళ్ళూ చాపలమీద ఉన్నారు.

"వాళ్ళకి చెప్పు" అన్నాడు.

చెప్పులు విడిచి లోపలికి నడిచాను.