ఆకలి ఆనవాలు

బొద్దమ్మ కళ్ళద్దాల దుకాణంలో పడిపోయిన రోజున ఆమె చేతిలో ఒక రిటైరైన హెడ్మాస్టరుగారి కొత్త కళ్ళజోడు ఉంది. చెవి వెనక ఒరుసుకుంటోందని ఆయన అంటే, కాడను వేడిగాలి దగ్గర మెత్తబరిచి, కాస్త వంచి, ఆయన ముఖానికి పెట్టింది. "ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పేలోపే ఆమె కళ్ళు బైర్లు కమ్మాయి. కౌంటరు అంచు పట్టుకోబోయింది, అందలేదు. ఆయన కాళ్ళ దగ్గరే కూలబడింది. తన కళ్ళజోడు వల్లే ఏదో జరిగిందనుకుని పాపం ఆ పెద్దాయన బిక్కచచ్చిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు రక్తపరీక్షల కాగితాలు తిరగేశాడు.

"జబ్బేం లేదమ్మా. మీరు తిండి తినట్లేదు, అంతే."

"తింటున్నానండీ."

"ఏం తింటున్నారు?"

చెప్పింది. పొద్దున గుడ్డులో తెల్లసొన, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, రాత్రి వేన్నీళ్ళలాంటి సూపు. ఆయన కలం కింద పెట్టి, అదే వరండా చివర గదిలో కూర్చునే డైట్ డాక్టరు దగ్గరికి పంపించాడు.

బొద్దమ్మ అన్న పేరు విని ఆమెను చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. నలభై దాటిన మనిషి, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. ఆ పేరు ఉయ్యాల్లో ఉన్నప్పుడు తల్లి పెట్టింది. అప్పుడు ముద్దుకే పెట్టింది. బొద్దమ్మకు పదకొండో ఏడు వచ్చేసరికి ఆ ముద్దు కాస్తా బెంగగా మారింది. తల్లి దర్జీ. ఇంటి ముందుగదిలో మిషను, మెడలో ఎప్పుడూ టేపు. ఆదివారం తలంట్లయ్యాక ఆ టేపు కూతురి నడుముకు చుట్టేది. అంకె పెరిగితే ఆ వారమంతా కూతురి కంచంలో అన్నం తగ్గేది. "నోరు కట్టుకోవడం నేర్చుకోవే. ఇప్పుడు నేర్చుకుంటే జన్మంతా సుఖపడతావు" అనేది.

నేర్చుకుంది. పెళ్ళయ్యాక నోరు కట్టుకోమని చెప్పేవాళ్ళు లేకపోయినా తనే కట్టుకుంది. పత్రికల్లో వచ్చిన పద్ధతులు, టీవీలో చెప్పినవి, ఫోనులోకి వచ్చి పడినవి, ఒక్కటీ వదల్లేదు. పళ్ళు మాత్రమే తినడం, పళ్ళు అసలు ముట్టకపోవడం, ఉప్పు మానడం, గడియారం చూసుకుని తినడం. తగ్గేది, మళ్ళీ పెరిగేది, పెరిగినందుకు కడుపు మాడ్చుకుని ఇంకా తగ్గేది. పిల్లలు కలగలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందేమోనని ఏ డాక్టరునూ అడగలేదు. ఉందంటారేమోనని భయం.

డైట్ డాక్టరు ఆమెకంటే చాలా చిన్నది. ఏం తినాలో రాసిచ్చే చార్టును ఫోటో తీసుకుందామని బొద్దమ్మ ఫోను సిద్ధంగా పట్టుకుని కూర్చుంది.

"చార్టు ఇస్తారా మేడమ్?"

"చార్టు ఉండదండీ మీకు. ఆకలేసినప్పుడు తినండి. చాలనిపించినప్పుడు ఆపండి."

బొద్దమ్మ మిగతాది చెబుతుందేమోనని ఎదురుచూసింది. ఇంకేమీ లేదు.

"అంటే... ఏం తినాలండీ?"

"మీకు తినాలనిపించింది."

"ఎంత?"

"అది మీ కడుపే చెప్తుంది. ఇన్నాళ్ళూ దాని మాట వినలేదు కదా, మొదట్లో కొంచెం కష్టంగానే ఉంటుంది. ఆకలి ఎలా ఉంటుందో మీకు గుర్తుందా?"

"కడుపులో ఎలుకలు పరిగెడతాయంటారు కదా మేడమ్. నాకు ఆ ఎలుకలు ఎప్పుడో చచ్చిపోయాయి" అంది బొద్దమ్మ.

ఆ పిల్ల నవ్వింది. బొద్దమ్మ నవ్వలేదు. నవ్వించడానికి అన్న మాట కాదది.

దుకాణంలో కంటి పరీక్ష కూడా అప్పుడప్పుడూ ఆమే చేసేది. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇది బాగా కనబడుతోందా, అదా?" అని అడగాలి. కొందరు తెల్లమొహం వేసేవాళ్ళు. "రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా, నువ్వే చెప్పు" అనేవాళ్ళు. మీ కళ్ళ సంగతి నాకెలా తెలుస్తుందండీ అని లోపల విసుక్కునేది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇక వాళ్ళ మీద విసుక్కోలేకపోయింది.

ఆమె భర్త రేవులో క్రేను నడుపుతాడు. అంత ఎత్తున ఒంటరిగా కూర్చుని వచ్చిన మనిషి, కిందికి దిగాక మాటలకూ తిండికీ మొహం వాచినట్టుంటాడు. డైట్ డాక్టరు చెప్పింది విని సంబరపడ్డాడు.

"ఇంత తేలికైన మందు ఎవరిస్తారు? ఇందులో నేర్చుకునేదేముంది? కడుపు పిలుస్తుంది, మనం పలుకుతాం."

"మీకు పిలుస్తుంది. నాకు పిలవట్లేదు."

"పిలుస్తుందిలే. ఇన్నాళ్ళూ తలుపేసుకుని కూర్చున్నావు. అలిగి ఉంటుంది."

ఆయన బరువు తూచే యంత్రాన్ని తీసి అటక మీద పెట్టేశాడు. ఆదివారం కోడికూర వండి పెట్టాడు. ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె నోటికేసే చూస్తూ, "ఎలా ఉంది? చాలా? ఇంకొంచెం వెయ్యనా?" అని అడుగుతుంటే ముద్ద గొంతు దిగలేదు. ఆయన మంచితనమే ఆమెకు మోయలేని బరువైంది.

బొద్దమ్మ తల్లి వాళ్ళతోనే ఉంటోంది. మతిమరుపు జబ్బు మొదలై కొన్నేళ్ళయింది. మొదట సూదిలో దారం ఎక్కించడం మరిచిపోయింది, తర్వాత వీధులు, తర్వాత మనుషులు. తిన్న సంగతి కూడా మరిచిపోయేది. కంచం కడిగి పెట్టి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి, "పొద్దుటి నుంచి నాకు మెతుకు పెట్టలేదు" అనేది. బొద్దమ్మ ఇంకో రెండు ముద్దలు కలిపి పెట్టేది. తల్లి గబగబా తినేది. ఆ ఇంట్లో ఒకామెకు కడుపు నిండిన సంగతి తెలియదు, ఇంకొకామెకు ఖాళీ అయిన సంగతి తెలియదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు.

ఎదురుచూడగా చూడగా ఆకలి వచ్చింది. అయితే అది డైట్ డాక్టరు చెప్పినట్టు మర్యాదగా తలుపు తట్టి రాలేదు. ఒక సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడి రొట్టె తినడం మొదలుపెట్టింది. ఒక ముక్క. ఇంకో ముక్క. వెన్న రాసుకుని, తర్వాత రాసుకోకుండా, తర్వాత నమలకుండా. పొట్లం ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన పొడి వేలితో అద్దుకుని తింది. కడుపు రాయిలా అయింది. అయినా ఆగమని లోపల ఎవరూ చెప్పలేదు. వంటగట్టు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అది కూడా ఇందులో భాగమేనండీ. ఇన్నేళ్ళు కట్టేసి ఉంచారు, తాడు తెగింది. మెల్లగా సర్దుకుంటుంది" అంది డైట్ డాక్టరు.

"ఎప్పటికండీ?"

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. "ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. చెప్పలేను."

నెలలు గడిచేకొద్దీ ఒళ్ళు వచ్చింది. దుకాణంలో వేసుకునే తెల్లకోటు గుండీలు బిగుసుకున్నాయి. "ఇప్పుడు మనిషిలా ఉన్నావమ్మా" అన్నాడు దుకాణం ఓనరు, మెచ్చుకోలుగానే. ఆ మాట ఆమె చెవిలో ముల్లులా దిగింది. అయినా పట్టిన దారినే వెళ్ళింది. వెనక్కి వెళితే మళ్ళీ ఎవరి కాళ్ళ దగ్గర పడిపోతుందోనని భయం, ముందుకు వెళితే ఎక్కడ తేలుతుందోనని భయం.

అప్పుడొక సెలవురోజు మధ్యాహ్నం తల్లికి తినిపించి, తను కంచం ముందు కూర్చుంది. అన్నం, బంగాళదుంప వేపుడు, పెరుగు. కొంత తిన్నాక ఇంకొంచెం కావాలనిపించింది. ఎవరో చెప్పినందుకు కాదు, గడియారం చూసి కాదు, నిజంగానే కావాలనిపించింది. అది తనదేనా కాదా అని కాసేపు లోపల తడుముకుని చూసింది. తనదే. గరిటె తీసుకుని వడ్డించుకుంది.

తల్లి ఆమెనే చూస్తోంది.

"నువ్వెవరమ్మా? కొత్తగా వచ్చిన వంటమనిషివా?"

బొద్దమ్మ చేయి ఆగింది. ఇలాంటివి అలవాటే. కాదంటే తల్లి కంగారుపడుతుంది.

"అవునమ్మా."

"మంచిది. చేయి శుభ్రంగా ఉంది. ఇదిగో, నీకొక మాట చెప్తా, గుర్తుపెట్టుకో." తల్లి గొంతు తగ్గించి ముందుకు వంగింది. "మా అమ్మాయి బడి నుంచి వచ్చాక నీ దగ్గరికి వస్తుంది. అన్నం పెట్టమంటుంది. పెట్టకు."

"ఆకలేస్తుందేమో కదమ్మా."

"ఆకలి కాదది, తిండియావ. ఏడుస్తుంది, నువ్వు పట్టించుకోకు. దానికి ఆకలంటే ఏంటో ఏం తెలుసు? ఎప్పుడేస్తుందో నేను చెప్తాను."

బొద్దమ్మ కంచంలోకి చూసింది. ముప్ఫై ఏళ్ళుగా అడగాలనుకుని అడగనిది, ఇప్పుడు వంటమనిషిలా అడగ్గలిగింది.

"ఎందుకమ్మా ఆ పిల్లకు అంత కట్టడి?"

తల్లి కళ్ళు మిషను ఉండే గదేదో వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిరిగాయి.

"నా దగ్గరికి కొలతలకు వస్తారుగా. ఒళ్ళున్న ఆడపిల్లలు గుమ్మంలోనే భుజాలు ముడుచుకుంటారు. టేపు చుడితే ఊపిరి బిగబట్టేస్తారు. వదలమ్మా, ఊపిరి వదులు అంటే వదలరు. నాకు కడుపు తరుక్కుపోతుంది. నా పిల్ల అలా నిలబడకూడదు."

నీ పిల్ల జన్మంతా అలాగే నిలబడింది అని అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? ఆ పని చేసిన మనిషి ఈ కుర్చీలో లేదు. ఉన్న మనిషి ఎవరికీ ఏ అపకారమూ చేయడం తెలియని ముసలిపిల్ల. పైగా చెప్పిన కారణంలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. దాన్ని ఏం చేసుకోవాలో బొద్దమ్మకు తెలియలేదు.

"సరేనమ్మా, పెట్టను" అంది.

వడ్డించుకున్న అన్నం అలాగే ఉండిపోయింది. కావాలనిపించడం కాస్తా ఎటు పోయిందో పోయింది.

ఆ సాయంత్రమే కుర్చీ వేసుకుని అటక మీంచి తూకం యంత్రం దింపింది. భర్త వచ్చేసరికి దాని మీద నిలబడి ఉంది. ఆయన తిట్టలేదు. పక్కనున్న పీట మీద చతికిలబడ్డాడు.

"నేనేం చెయ్యనే? వండమంటే వండుతా. వద్దంటే మానేస్తా. చూడొద్దంటే గోడకేసి తిరిగి కూర్చుంటా. ఏం చెయ్యాలో చెప్పు."

"నాకు తెలిస్తే చెప్పనా?"

అంతటి క్రేనును చిటికెన వేలితో తిప్పే మనిషి, కాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఆమె దిగి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆ పూట ఇద్దరూ ఏమీ తినలేదు.

తర్వాత మళ్ళీ కొన్నాళ్ళు దోసకాయ ముక్కలు, మళ్ళీ రొట్టె, మళ్ళీ డైట్ డాక్టరు గది. "మళ్ళీ వచ్చారు, అదే చాలు" అనేది ఆ పిల్ల. కొన్ని రోజులు ఆకలి తెలిసేది. ఎక్కువ రోజులు తెలిసేది కాదు.

చలికాలం వచ్చేసరికి తల్లి అడగడం మానేసింది. గుమ్మంలో నిలబడి మెతుకు పెట్టలేదని దెప్పడం ఆగిపోయింది. ముందు రెండు ముద్దలు తగ్గించింది, తర్వాత నోట్లో పెట్టిన ముద్దను బుగ్గన పెట్టుకుని మింగకుండా కూర్చునేది, తర్వాత పెదవులే తెరవలేదు. బొద్దమ్మ అన్నం మెత్తగా మెదిపి, పాలు కలిపి, చెంచాతో పట్టేది.

"ఒక్క చెంచా అమ్మా. ఈ ఒక్కటీ. మా అమ్మవు కదూ."

తల్లి తల పక్కకు తిప్పుకునేది.

ఇంటికొచ్చి చూసిన డాక్టరు వరండాలోకి పిలిచి చెప్పాడు. "బలవంతం చేయకండి. ఈ దశలో వాళ్ళకు ఆకలి ఉండదు. మీరు మాడ్చుతున్నట్టు కాదు. ఒళ్ళే వద్దంటోంది. దాని మాట వినండి."

ఒంటి మాట వినమని ఏడాదిగా ఆమెకు చెబుతూనే ఉన్నారు. నేర్చుకోవాలని ఆమె శాయశక్తులా ప్రయత్నిస్తూనే ఉంది. తల్లి ఒళ్ళు మాత్రం ఇంత గట్టిగా, ఇంత స్పష్టంగా మాట్లాడుతుంటే వినలేకపోయింది. డాక్టరు వెళ్ళాక మళ్ళీ గిన్నె తీసుకుని మంచం పక్కన కూర్చుంది. చిన్నపిల్లలకు పెట్టినట్టు చెంచా ఊపింది. బతిమాలింది. కోప్పడింది. "నాకోసం తినమ్మా" అంటూ పెదవులకు చెంచా ఆనించింది. పాలు గడ్డం మీదుగా కారాయి. తల్లి కళ్ళు తెరిచి, ఎవరో పరాయివాళ్ళు దారికి అడ్డం నిలబడితే చూసినట్టు చూసి, మళ్ళీ మూసుకుంది.

బొద్దమ్మ గడ్డం తుడిచింది. దుప్పటి సరిచేసింది. బయట భర్త చెప్పులు విప్పుతున్న చప్పుడైంది. "తిందా?" అని అడిగాడు గుమ్మం అవతలి నుంచే, మెల్లగా. తలుపు సందులోంచి ఆమె తల అడ్డంగా ఊపడం చూసి, అక్కడే నేల మీద కూర్చున్నాడు.

గిన్నెలో అన్నం చల్లారిపోతోంది. ఆమె ఒక చెంచా తీసి నోట్లో పెట్టుకుంది. చప్పగా, గోరువెచ్చగా ఉంది. ఇంకో చెంచా తింది. ఆకలేసి తింటోందో, దుఃఖంతో తింటోందో, పారెయ్యడానికి చేతులు రాక తింటోందో ఆమెకు తెలియలేదు. తల్లి ఊపిరి వింటూ గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది.