వెండెల్ ప్రూయిట్ పట్టిన దొంగ

వారాంతపు మూడు బేస్‌బాల్ ఆటల్లో శుక్రవారం మొదటిది పద్నాలుగు-మూడుతో పోయాక వెండెల్ ప్రూయిట్ మనసులో ఒకటే మాట తిరిగింది. ఎవడో మనవాడే మనల్ని అమ్మేస్తున్నాడు.

లేకపోతే లోగన్ ఫోర్క్ కాలేజీ కుర్రాళ్లు వంపు బంతి కోసం అలా కాచుకుని ఎలా కూర్చుంటారు? వేగం బంతికి ఒక రకంగా నిలబడుతున్నారు, వంపు బంతికి ఇంకో రకంగా. ఏ బంతి వేయాలో, మైదానం పక్కన జట్టు కూర్చునే డగౌట్‌లోంచి చెప్పేది వెండెల్. వేళ్లతో మూడంకెలు చూపిస్తాడు, బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి అందుకునే క్యాచర్ తన మణికట్టు మీది కార్డులో ఆ అంకెలు వెతికి, బంతి విసిరే పిచర్‌కి సైగ చేస్తాడు. ఆ కార్డును వెండెల్ ఆట మధ్యలో మూడుసార్లు మార్చాడు. అయినా కొట్టారు. ఓక్లహోమాలో, అర్కన్సాలో అయిదు కాలేజీలు తిరిగి, ఇరవై ఆరేళ్లుగా పిచర్లకు పాఠం చెబుతున్న మనిషి ఆయన. చేతి తొడుగు వేలెడంత ఎత్తినా సరే, "బంతి ముందే చెప్పేస్తున్నావురా" అని పిచర్ చెవి మెలేసే మనిషి. అటువంటివాడి కళ్లు కప్పడమంటే మాటలా!

హెడ్ కోచ్ బ్రాసెల్ తలుపు మూసి మరీ చెప్పాడు.

"ఆదివారంలోగా ఆ దొంగెవడో తేల్చు వెండెల్. లేదంటే జూన్‌లో నీ కాంట్రాక్టు మీద నా సంతకం ఉండదు. తర్వాత నన్ను అనుకోకు."

అనుమానం ఒకసారి ఇంట్లోకొస్తే కుర్చీ వేయమని అడగదు, తనే వేసుకుంటుంది. శనివారం పొద్దున్నకి వెండెల్ అనుమానమంతా క్యాచర్ కోల్బీ రస్క్ మీదకి చేరింది. కార్డు ఉండేది వాడి చేతికే. పైగా నిరుడు వేసవి దాకా వాడు ఆడింది ఎక్కడా? లోగన్ ఫోర్క్‌లోనే. బండ్లు ఆపేచోట వాడు అవతలి జట్టువాడితో నవ్వుతూ మాట్లాడడం వెండెల్ కళ్లారా చూశాడు. ఆ నవ్వులో తనకు తెలియనిదేదో ఉందనిపించింది.

ఆ పొద్దునే కోల్బీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"కోచ్, ఇవాళ ఏ బంతి వేయాలో నన్నే చెప్పనిస్తారా?"

మార్చిలోనూ ఇదే అడిగాడు. అప్పుడు పట్టించుకోలేదు గానీ ఇప్పుడు వెండెల్ ఒళ్లు మండింది. దొంగ చేతికే తాళాలు ఇమ్మంటున్నాడు!

"వెళ్లి కాళ్లు సాగదీసుకో పో," అన్నాడు. ఎందుకని మాత్రం అడగలేదు.

నేరుగా బ్రాసెల్ దగ్గరికి నడిచాడు. పావుగంటలో జట్టంతా బట్టలు మార్చుకునే గదిలో ఉంది.

"బంతులు నువ్వే చెబుతానని ఎందుకు అడిగావ్?" అందరి ముందూ నిలదీశాడు వెండెల్.

కోల్బీ ముందు బ్రాసెల్ వైపు చూశాడు, తర్వాత వెండెల్ వైపు, ఆ తర్వాత నేలవైపు.

"ఊరికే, కోచ్."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకున్నాడు వెండెల్. కోల్బీ జట్టు చొక్కా విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వాడి స్కాలర్‌షిప్ సంగతి సోమవారం తేలుస్తానన్నాడు బ్రాసెల్. వెండెల్‌కి హాయిగా ఊపిరాడింది, నిజం చెప్పొద్దూ.

ఆ మధ్యాహ్నం రెండో ఆటలో మొదటి ఏడాది కుర్రాడు క్యాచర్‌గా కూర్చున్నాడు. లోగన్ ఫోర్క్ పదకొండు పరుగులు కొట్టింది. మళ్లీ అదే కథ, వంపు బంతి కోసం అదే కాపు. వెండెల్ కొత్త క్యాచర్‌ని అనుమానించాడు. గడ్డి కోసేవాణ్ణి అనుమానించాడు. కంచె అవతల గొడుగు వేసుకు కూర్చున్న ముసలమ్మను కూడా రెండు ఇన్నింగ్స్ పాటు వదల్లేదు.

సాయంత్రం భార్య ఆర్లీన్ మాంసం వేపుడు, తెల్ల గ్రేవీ వడ్డించింది. వెండెల్ పళ్లెం పక్కకి నెట్టాడు.

"నా సైగలు ఎక్కడి నుంచి చూస్తున్నారంటావ్?" అన్నాడు.

"ఏమో. నీ మడమ చూస్తున్నారేమో."

"నా ఏంటీ?"

"మడమ వెండెల్, మడమ! వంపు బంతి చెప్పేముందు నీ కుడి మడమ లేస్తుందిగా. నువ్వు బంతులు విసిరే రోజుల్నించీ అంతేగా."

వెండెల్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరిపి, కాళ్లు ఆమెకు కనబడేలా కూర్చుని, చేతులు బల్ల కింద దాచుకున్నాడు. పదిసార్లు వేళ్లతో అంకెలు పట్టాడు. ఆమె పొయ్యి దగ్గర నిలబడి గరిటె ఊపుతూ చెప్పింది: వేగం, వేగం, వంపు, వేగం, వంపు... పదికి పదీ సరిగ్గా చెప్పింది.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?" అన్నాడు తన కాళ్లవైపు చూసుకుంటూ.

"అదేదో నీ అలవాటనుకున్నా. నీ కాళ్లు ఎవడు చూస్తాడు, నేను తప్ప?"

లోగన్ ఫోర్క్ చూసింది. అక్కడ ఆడినప్పుడు కోల్బీ కూడా చూసి ఉంటాడు. వాడు ఎందుకు అడిగాడో అప్పుడు అర్థమైంది. వెండెల్‌కి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ దొంగ తనే అయితే ఇంకెవరు పడతారు?

ఆదివారం పొద్దున జట్టంతా ఉండగానే చెప్పాడు.

"దొంగ కోల్బీ కాదు. నేనే. నా కాలు చెప్పేస్తోంది. వాణ్ణి పిలిపించండి. బంతులు వాడే చెబుతాడు."

"నోరు జారుతున్నావు వెండెల్," అన్నాడు బ్రాసెల్. "జూన్ సంగతి గుర్తుందిగా?"

"ఉంది."

కోల్బీ వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. తొమ్మిది ఇన్నింగ్స్ తనే బంతులు చెప్పి, మూడు-రెండుతో గెలిపించాడు. అందరూ వాడి వీపు చరుస్తుంటే వెండెల్ దూరంగా నిలబడ్డాడు. చివరికి ఇద్దరే మిగిలారు.

"మార్చిలోనే చెప్పాల్సింది కదరా."

"చెబుదామనే వచ్చాను కోచ్. ఎందుకని అడుగుతారనుకున్నా. మీరు అడగలేదు."

"నిన్న అడిగానుగా."

"అందరి ముందు అడిగారు. బ్రాసెల్ గారి ముందు చెబితే మీ ఉద్యోగం పోతుందనిపించింది."

వెండెల్ టోపీ తీసి, "జట్టులోనే ఉండిపో కోల్బీ," అన్నాడు. "నీ స్కాలర్‌షిప్‌కి నాది పూచీ."

"నా బాధ స్కాలర్‌షిప్ గురించి కాదు కోచ్." కోల్బీ సంచి భుజానికి తగిలించుకున్నాడు. "నిన్న కాలేజీ ఆఫీసువాళ్లు మా అమ్మకి ఫోన్ చేసి సంగతి చెప్పారు. ఆవిడ తర్వాత నాకు చేసింది. తిన్నావా అని కూడా అడగలేదు. నిజమేనా అని అడిగింది. కాదన్నాను. సరే అంది గానీ, నమ్మినట్టు లేదు."

వెండెల్ జేబులోంచి ఫోన్ తీశాడు.

"నంబరు చెప్పు."

కోల్బీ సంచి కిందకి దించి, నంబరు చెప్పాడు. అవతల ఆడగొంతు జంకుతూ పలికింది.

"అమ్మా, నా పేరు వెండెల్ ప్రూయిట్. మీ అబ్బాయిని దొంగ అన్నది నేనే, అది నా తప్పు. వాడు పక్కనే ఉన్నాడు, నేను చెప్పేది వింటున్నాడు. అందుకే ఇప్పుడే చేశాను."